బారువ తీరంలో ఒక పగలు: జనం లేని సముద్రం కావాలనుకునేవారికి

ఆదివారం సాయంత్రం విశాఖ ఆర్కే బీచ్‌లోనో, రుషికొండలోనో సముద్రం చూడాలంటే ముందు జనాన్ని దాటాలి. శ్రీకాకుళం జిల్లాకు 193 కిలోమీటర్ల తీరం ఉంది. అందులో చాలా భాగం సరుగుడు తోటలు, కొబ్బరి తోటలు, మత్స్యకార గ్రామాలు, వాటి మధ్య ఖాళీ ఇసుక. సోంపేట మండలంలోని బారువ ఆ తీరంలోనిదే. బ్రిటిష్ వారి కాలంలో ఓడరేవు, ఇప్పుడు ఒక లైట్‌హౌస్, కోటిలింగేశ్వర, జనార్దన స్వామి ఆలయాలు, మహేంద్రతనయ నది సముద్రంలో కలిసే మొగ. మొగ దగ్గర నదికీ సముద్రానికీ మధ్య ఇసుక దిబ్బలు లేస్తాయి. నీరు తగ్గినప్పుడు నడిచి వెళ్లిన దిబ్బ, నీరు పెరిగేసరికి నాలుగు పక్కలా నీళ్లున్న చిన్న లంక అయిపోవచ్చు. అందం అక్కడే ఉంది, ప్రమాదమూ అక్కడే ఉంది. జనం లేని చోట లైఫ్‌గార్డు ఉండడు, టీ కొట్టు ఉండదు, కేక వేస్తే పలికేవారూ దగ్గర్లో ఉండకపోవచ్చు. అందుకే ఈ ప్రయాణంలో సగం పని ఇంట్లోనే పూర్తి కావాలి.

ముందు తేదీ తేల్చుకోండి

డిసెంబరు మొదటి వారం నుంచి ఫిబ్రవరి నెలాఖరు దాకా మంచి కాలం. తెల్లవారుజామున గాలి నేల మీద నుంచి సముద్రం వైపు వీస్తుంది కాబట్టి అలలు అణిగి ఉంటాయి. పొద్దెక్కాక గాలి తిరుగుతుంది. పదకొండు దాటితే సముద్రపు గాలి బలపడి, నీటి మీద నురుగు, కళ్లలో ఇసుక. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలులతో పెద్ద అలలు వస్తాయి. ఆ నెలల్లో ఒడ్డున కూర్చోవచ్చు గానీ నీటిలోకి దిగే ఆలోచన పెట్టుకోవద్దు.

అక్టోబరును ఈ తీరం ఎప్పుడూ నమ్మదు. 2013 అక్టోబరు 12న పైలీన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస పరిసరాల్లోనే దాటి ఉద్దానం కొబ్బరి తోటల్ని నేలకూల్చింది. సెప్టెంబరు నెలాఖరు నుంచి నవంబరు వరకు వెళ్లాలనుకుంటే, బయల్దేరే ముందు రోజు రాత్రి వాతావరణ శాఖ బులెటిన్ చూడండి. కళింగపట్నంలోనో భీమిలిలోనో మూడో నంబరు ప్రమాద సూచిక ఎగిరిందన్న వార్త కనబడితే ఆ ప్రయాణం మానేయండి. మత్స్యకారులను వేటకు వెళ్లవద్దని చెప్పిన రోజు మనకూ అక్కడ పని లేదు.

నెల కుదిరాక తిథి చూడండి. గోడ మీది తెలుగు క్యాలెండర్ చాలు. అమావాస్య, పౌర్ణమిల తరువాత ఒకటి రెండు రోజులకు, అంటే పాడ్యమి, విదియల్లో, ఆటుపోట్ల తేడా అన్నిటికంటే ఎక్కువ. ఈ తీరంలో అప్పుడది దాదాపు ఒకటిన్నర మీటరు. అష్టమి నుంచి దశమి వరకు ఆ తేడా సగానికీ, అంతకంటే తక్కువకీ పడిపోతుంది. దిబ్బ మీదికి వెళ్లాలనే కోరిక ఉంటే, పిల్లలు వెంట ఉంటే, అష్టమి–దశమి మధ్య రోజునే ఎంచుకోండి. నీరు బాగా పైకి ఎక్కే దృశ్యం కావాలంటే పాడ్యమి, విదియలకు వెళ్లి ఒడ్డు మీదే ఉండండి.

ఇక వారం. మంగళ, బుధ, గురువారాలు ఖాళీగా ఉంటాయి. కార్తీక మాసపు ఆదివారాలు వనభోజనాలవి. సంక్రాంతి, కనుమ, జనవరి 1, మాఘ పౌర్ణమి స్నానాలు, శివరాత్రి రోజుల్లో తీరాన శివాలయం ఉన్న ఏ ఊరూ ఖాళీగా ఉండదు. కార్తీక సోమవారాన ఏకాంతం వెతుక్కుంటూ బారువ వెళ్లడం అమాయకత్వమే.

చేరుకోవడం

శ్రీకాకుళం నుంచి జాతీయ రహదారి 16 మీద ఉత్తరంగా టెక్కలి, పలాస–కాశీబుగ్గ దాటి సోంపేట వైపు వెళ్లాలి. మొత్తం నూరు కిలోమీటర్ల పైచిలుకు. కారులో రెండు గంటలు పెట్టుకోండి. పలాస నుంచి అయితే సుమారు ముప్పై కిలోమీటర్లు.

రైలులో వచ్చేవారికి పలాస మేలు. హౌరా–చెన్నై మార్గంలో ఎక్కువ రైళ్లు ఆగేది అక్కడ. సోంపేటలో ఆగేవి తక్కువ. శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఉన్నది ఆమదాలవలసలో, పట్నం నుంచి పదమూడు కిలోమీటర్ల దూరంలో; కొత్తవారు ఇది తెలియక రైలు తప్పిస్తారు. పలాస నుంచి సోంపేటకు బస్సు, సోంపేట నుంచి బారువకు ఆటో. ఆటో మాట్లాడుకునేటప్పుడే తిరుగు ప్రయాణం సంగతీ తేల్చుకుని, డ్రైవర్ నంబరు రాసుకోండి. చీకటి పడ్డాక ఊరి నుంచి బండి దొరకడం కష్టం.

సూర్యోదయానికి ఒడ్డున ఉండాలంటే ముందు రోజు రాత్రి పలాస–కాశీబుగ్గలోనో, సోంపేటలోనో, ఇచ్ఛాపురంలోనో లాడ్జిలో దిగండి. జనవరి మధ్యలో పొద్దు పొడిచేది దాదాపు 6.25కి. తూర్పున ఉన్న తీరం కాబట్టి సాయంత్రం 5.35కల్లా సూర్యుడు దిగిపోతాడు, అదీ మన వెనక, కొండల వైపు. సముద్రంలో సూర్యాస్తమయం చూద్దామని వచ్చేవారు దిక్కులు మరిచినట్టే.

కారును గట్టి నేల మీదే ఆపండి. ఇసుక పైకి గట్టిగా కనబడి, అడుగున వదులుగా ఉంటుంది. చక్రం దిగబడితే యాక్సిలరేటర్ తొక్కకండి, తొక్కేకొద్దీ గొయ్యి లోతవుతుంది. టైర్లలో గాలిని 16–18 పీఎస్‌ఐకి తగ్గించి, చక్రాల ముందు ఇసుక తోడి, కారు మ్యాట్లో కొబ్బరి మట్టలో పరిచి, రెండో గేరులో మెల్లగా తీయాలి. రోడ్డెక్కాక మళ్లీ గాలి కొట్టించాలి కాబట్టి చిన్న పంపు ఒకటి డిక్కీలో ఉంటే మంచిది. ఇంటికెళ్లాక బండి అడుగు భాగాన్ని మంచినీళ్లతో కడిగించకపోతే ఉప్పు ఇనుమును తినేస్తుంది.

సంచిలో ఏముండాలి

నలుగురికి పగటిపూట లెక్క ఇది. తాగునీరు పన్నెండు లీటర్లు, మనిషికి మూడు చొప్పున. ఎక్కువనిపించినా మధ్యాహ్నానికి చాలకపోవడమే చూస్తాం. ఓఆర్‌ఎస్ పొట్లాలు నాలుగు. చద్ది కట్టుకోండి: పులిహోర, దద్దోజనం, అరటిపళ్లు. ఉప్పుగాలిలో ఆకలి రెట్టింపవుతుంది. ఊళ్లో కొబ్బరి బోండాలు దొరకొచ్చు, కానీ దొరుకుతాయన్న ధీమాతో నీళ్లు తగ్గించవద్దు. టోపీలు, నూలు తువ్వాళ్లు, నిండు చేతుల చొక్కాలు. గొడుగు గాలికి ఎగిరిపోతుంది కనుక నీడకు సరుగుడు తోటే దిక్కు.

ఒక పది మీటర్ల నైలాన్ తాడు, మూత గట్టిగా పట్టే ఐదు లీటర్ల ఖాళీ నీళ్ల క్యాన్ తప్పకుండా తీసుకెళ్లండి. క్యాన్ మూత బిగించి, పిడికి తాడు కడితే అది విసరడానికి పనికొచ్చే తేలుడు సాధనం. మనిషిని నీటి మీద నిలపడానికి అది చాలు. ఇంత చవకైన ప్రాణరక్షణ ఇంకొకటి లేదు, ఎవరూ పట్టుకెళ్లరు.

థర్మాస్ ఫ్లాస్క్‌లో ఒక లీటరు వేడినీళ్లు కూడా. కారణం కింద చెబుతాం. కాళ్లకు వెనకపట్టీ ఉన్న చెప్పులు. చెత్త వేసుకోవడానికి ఒక బస్తా. చిల్లర నోట్లు, ఎందుకంటే ఫోన్ సిగ్నల్ అన్నిచోట్లా ఒకేలా ఉండదు. ఒడ్డున మరుగుదొడ్లు, బట్టలు మార్చుకునే గదులు ఉంటాయని అనుకోవద్దు. హైవే మీది పెట్రోలు బంకులోనో, సోంపేటలో హోటల్లోనో పని ముగించుకుని రండి. పెద్దవయసు ఆడవాళ్లను తీసుకెళ్లేటప్పుడు ఈ ఒక్క విషయమే ప్రయాణం సుఖమో కష్టమో తేలుస్తుంది.

ఆ రోజు ఉదయం

ఆరింటికల్లా ఒడ్డు చేరండి. మొదటి అరగంట నీటిలోకి దిగకుండా చూస్తూ ఉండటమే పని. రాత్రి వేటకు వెళ్లిన తెప్పలు వచ్చే వేళ అది. అదృష్టం ఉంటే అలివి వల లాగడం కనబడుతుంది: రెండు తాళ్లు పట్టుకుని రెండు జట్లు ఒడ్డున దూరదూరంగా నిలబడి, మెల్లగా దగ్గరవుతూ వలను ఇసుక మీదికి తెస్తారు. తాళ్ల మధ్యకు పోకండి, లాగేటప్పుడు అవి బిగిసి కాళ్లను పడగొడతాయి. ఫొటో తీసే ముందు అడగండి. పెద్దాయనను ‘తాతా’ అని, ఆడవాళ్లను ‘అప్పా’ అని పిలిస్తే ఇక్కడ మాట కలుస్తుంది. ఈ పక్క ఇళ్లలో ఒడియా మాట్లాడేవారూ ఉన్నారు. తెప్ప మీద చెప్పులతో ఎక్కకండి, అది గంగమ్మ తల్లికి మొక్కి నీటిలోకి దించే బతుకుతెరువు.

చేపలు కొనాలంటే వేలంపాట మధ్యలో చేయి పెట్టకండి. గంపలు ఆడవాళ్ల చేతికి వచ్చాక వాళ్ల దగ్గర కొనండి. మొప్పలు ఎర్రగా, కన్ను ఉబ్బి మెరుస్తూ, వేలితో నొక్కితే గుంట నిలవకుండా ఉండాలి. కానాగంతలు, కవళ్లు, నెత్తళ్లు ఎండకు త్వరగా చెడతాయి. ఐస్ లేకుండా రెండు గంటలు మించి ఉంచవద్దు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరపడవలకు వేట నిషేధం, ఆ రెండు నెలలూ తాజా చేప తక్కువ.

ఆ తరువాత ఒడ్డు వెంట నడక. నీరు వెనక్కి వెళ్లిన తడి ఇసుక గట్టిగా ఉంటుంది, అక్కడ నడిస్తే కాళ్లు నొప్పెట్టవు. ఎర్ర పీతలు గుంపులుగా కనబడితే నిలబడి చూడండి, పది అడుగుల దూరంలో మీరు కదలకుండా ఉంటే కలుగుల్లోంచి మళ్లీ బయటికొస్తాయి. బాలబంద తీగను తొక్కుకుంటూ దిబ్బలు ఎక్కవద్దు, గాలికి ఇసుక కదలకుండా పట్టి ఉంచేది ఆ తీగే. గాలి తేటగా ఉన్న చలికాలపు ఉదయాన పడమటి వైపు చూస్తే మహేంద్రగిరి కొండల వరస కనబడుతుంది. 1,501 మీటర్ల ఎత్తైన ఆ కొండల్లో పుట్టిన నీరే ఇక్కడ సముద్రంలో కలుస్తున్నది. నీటి అడుగున ఉన్నదాని గురించీ ఒక మాట: 1917లో అగ్నిప్రమాదానికి గురైన ‘చిల్కా’ అనే ఆవిరి ఓడ శిథిలం బారువ తీరానికి దగ్గరలోనే ఉంది. అది శిక్షణ పొందిన డైవర్ల పని, ఈతగాళ్లది కాదు.

మొగ దగ్గర దిబ్బ: ఎప్పుడు దాటాలి, ఎప్పుడు మానుకోవాలి

ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే, అందుకని నిదానంగా చదవండి.

పోటు అంటే సముద్రపు నీరు పైకి ఎక్కడం, ఆటు అంటే వెనక్కి దిగడం. రోజుకు రెండు పోట్లు, రెండు ఆట్లు. ఒక పోటు నుంచి ఆటు అడుగంటడానికి ఆరు గంటల పైచిలుకు పడుతుంది. ప్రతిరోజూ ఈ వేళలు సుమారు యాభై నిమిషాలు వెనక్కి జరుగుతాయి. ఇవాళ ఉదయం 8 గంటలకు ఆటు అడుగంటితే రేపు 8.50 ప్రాంతంలో. బారువకు దగ్గరలో ఆటుపోట్ల పట్టిక దొరికే రేవు గోపాల్‌పూర్, దాని వేళలు చూసుకోండి. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ వెబ్‌సైటులో ఆటుపోట్ల అంచనాలు, పెద్ద అలల హెచ్చరికలు రెండూ ఉంటాయి.

నీరు ఆరు గంటలూ ఒకే వేగంతో పెరగదు. మొత్తం పెరుగుదలను పన్నెండు భాగాలు చేస్తే, మొదటి గంటలో ఒక భాగం, రెండో గంటలో రెండు, మూడు, నాలుగు గంటల్లో మూడేసి, ఐదో గంటలో రెండు, ఆరో గంటలో ఒకటి. విదియ నాడు తేడా 140 సెంటీమీటర్లనుకోండి. ఆటు అడుగంటినప్పుడు మీరు మోకాలి లోతు, అంటే యాభై సెంటీమీటర్ల పాయ దాటి దిబ్బ మీదికెళ్లారు. మొదటి గంటకు పన్నెండు సెంటీమీటర్లే పెరిగింది, ఏమీ తెలియదు. రెండో గంటకు మరో ఇరవై మూడు. మూడో గంట పూర్తయ్యేసరికి మొత్తం డెబ్బై. అదే పాయ ఇప్పుడు 120 సెంటీమీటర్లు, పెద్దవారికి ఛాతీ దగ్గర, ఎనిమిదేళ్ల పిల్లాడికి నెత్తి దగ్గర. దిబ్బ మీద చిక్కుకునేవాళ్లంతా ఈ లెక్కలోనే చిక్కుకుంటారు: మొదటి గంట మోసం చేస్తుంది.

కాబట్టి పద్ధతి ఇది. ఆటు అడుగంటడానికి అరగంట ముందు మొగ చేరండి. ఊరివాళ్లలో ఒకరిని అడగండి, “ఈ ఏడాది మొగ ఎక్కడ తెగింది, ఎక్కడ నడవచ్చు?” అని. ప్రతి వానాకాలం వరద మొగను ఒక్కో చోట తెంపుతుంది. నిరుడు నడిచిన దారి ఈ ఏడాది లోతు గుంట కావచ్చు. పాత వీడియో చూసి దిగడం ప్రమాదం. ఒక కర్ర నీటి అంచున పాతి పది నిమిషాలు చూడండి. నీరు కర్ర నుంచి ఇంకా వెనక్కి పోతుంటే ఆగండి, ఎందుకంటే ఆటు దిగేటప్పుడు పాయలో నీరు సముద్రంలోకే లాగుతుంది. నీరు దాదాపు నిలబడినప్పుడు దాటాలి. నదిలో నీరు సముద్రం కంటే కాస్త ఆలస్యంగా నిలబడుతుంది, పట్టికలో వేళ దాటినా పాయ ఇంకా పారుతుంటే పాయనే నమ్మండి.

పెద్దవాళ్లలో ఈత వచ్చినవారు ముందు, కర్రతో లోతు చూస్తూ. మోకాలు దాటితే వెనక్కి. ప్రవాహం కనబడుతుంటే మోకాలి లోతైనా వద్దు. దిబ్బ మీద ఉండేది గంట, అంతే. ఫోనులో అలారం పెట్టుకోండి. ఒకరు ఈవలి ఒడ్డునే ఉండాలి, తాడు, క్యాన్ వారి దగ్గరే ఉండాలి. వానలు పడిన వారంలో, ఒడిశా కొండల్లో వాన పడిందని తెలిసినా సరే, దిబ్బ జోలికి పోవద్దు. ఇక్కడ ఎండ కాస్తుండగానే నది రంగు మారి నీరు వస్తుంది.

ఒకవేళ చిక్కుకుంటే? నీరు దిబ్బను పూర్తిగా ముంచకపోతే, ఎత్తైన చోట కూర్చుని తరువాతి ఆటు దాకా ఆగడం చాలాసార్లు తెలివైన పని. విసుగే తప్ప ప్రాణభయం ఉండదు. దిబ్బ మునిగేలా ఉంటే ఆగకుండా ఫోన్ చేయండి: 112, లేదా తీర రక్షక దళం 1554. బారువలో మెరైన్ పోలీస్ స్టేషన్ ఉంది. అన్నిటికంటే వేగంగా వచ్చేది మాత్రం ఊళ్లోని తెప్పే, అందుకే ఉదయం మాట కలిపిన తాత ఫోన్ నంబరు అడిగి రాసుకుని ఉంచండి.

నీటిలోకి దిగాలనుకుంటే

మొగకు కనీసం అర కిలోమీటరు దూరంలో, నడుం లోతు మించకుండా. అలలు వరసగా విరిగే చోట మధ్యలో ఒక సందు నున్నగా, ముదురు రంగులో, ఇసుక కలిసిన నురుగు బయటికి పోతూ కనబడితే అది ప్రశాంతమైన నీరు కాదు, లోపలికి లాగే పాయ. చాలామంది దాన్నే ‘అలలు లేని చోటు’ అనుకుని దిగుతారు. అందులో పడితే ఒడ్డుకు ఎదురీదకండి. వెల్లకిలా తేలండి, చేయెత్తండి, కుదిరితే ఒడ్డుకు సమాంతరంగా ఈది అలలు విరిగే చోటికి చేరి వాటితో పాటు రండి. కాపాడాలనుకునేవారు వెంట దూకవద్దు, క్యాన్ విసరండి.

లోతు తక్కువ నీటిలో పాదాలను ఇసుకకు రాస్తూ నడవండి. టేకు చేప (స్టింగ్‌రే) ఇసుకలో ఒదిగి పడుకుంటుంది, అలికిడికి తప్పుకుంటుంది, తొక్కితే తోకముల్లు దించుతుంది. తెప్పలు దిగే చోట పారేసిన జెల్ల ముళ్లు కూడా ఇంతే. ముల్లు గుచ్చుకుంటే గాయాన్ని చర్మం ఓర్చుకునేంత వేడినీటిలో, సుమారు 45 డిగ్రీలు, అరగంటకు పైగా ఉంచితే నొప్పి తగ్గుతుంది. ఫ్లాస్క్ ఇందుకే. వేడిని ముందు గాయం లేని చేత్తో చూడండి, నొప్పిలో కాలిన సంగతి తెలియదు. ముల్లు విరిగి లోపల ఉంటే, ఛాతీలోనో పొట్టలోనో గుచ్చుకుంటే, తీయకుండా 108కి ఫోన్ చేయండి. జెల్లీఫిష్ తగిలితే సముద్రపు నీటితోనే కడగాలి, మంచినీటితో కడిగితే మంట పెరుగుతుంది.

తాబేళ్ల రోజుల్లో

జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రిపూట ఈ తీరంలో గుడ్లు పెడతాయి. నలభై అయిదు నుంచి అరవై రోజులకు పిల్లలు బయటికొస్తాయి. వాటికి వెలుతురే దారి. టార్చి, ఫోన్ లైటు, చలిమంట ఏది కనబడినా సముద్రం వదిలి అటు తిరుగుతాయి. ట్రాక్టరు టైరు గీతల్లాంటి జాడ ఇసుకలో కనబడితే దాటి వెళ్లండి, తవ్వి చూడకండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఇది మొదటి షెడ్యూలు జీవి, గుడ్డు ముట్టుకున్నా నేరమే. రాత్రి తీరంలో గుడారం వేయడం కూడా ఈ నెలల్లో మానుకోండి.

మధ్యాహ్నం, తిరుగు దారి

పదకొండుకల్లా తీరం వదలండి. ఎండలో అక్కడ చేసేది లేదు. మందసలో కోవా తిని, అక్కడి వాసుదేవ పెరుమాళ్ ఆలయం చూడవచ్చు. పలాసలో జీడిపప్పు కొనేవారు గుండ్లు, బద్దలు, ముక్కల ధరలు వేర్వేరని తెలుసుకుని, కూరలకైతే బద్దలే తీసుకోండి. టెక్కలి మీదుగా వెళ్తుంటే తేలినీలాపురం చింతచెట్ల మీద అక్టోబరు నుంచి మార్చి దాకా గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఉంటాయి. సాయంత్రం నాలుగు తరువాత గూళ్లకు చేరే వేళ బాగుంటుంది.

బారువలో ఆ రోజు జాతరో పిక్నిక్ బస్సులో ఎదురైతే గొడవ పడకుండా దక్షిణానికి తిరగండి. వజ్రపుకొత్తూరు మండలం అక్కుపల్లి దగ్గర శివసాగర్ తీరం ఉంది. భావనపాడు వైపు మూలపేట ఓడరేవు పనుల లారీలు తిరుగుతుంటాయి, అటు ఏకాంతం ఆశించవద్దు. కళింగపట్నంలో వంశధార మొగ, లైట్‌హౌస్ బాగుంటాయి కానీ శ్రీకాకుళం పట్నానికి దగ్గర కావడంతో ఆదివారం కిక్కిరుస్తుంది, వారపు రోజు ఉదయమైతే సరే. విజయనగరం వారికి ఇంత దూరం ఎందుకనిపిస్తే, ఆ జిల్లా 28 కిలోమీటర్ల తీరంలోనే పూసపాటిరేగ మండలం చింతపల్లి ఉంది. అక్కడ తీరం రాళ్లది. ఆటు దిగినప్పుడు రాళ్ల మధ్య గుంటల్లో చిన్న చేపలు, పీతలు కనబడతాయి. అయితే నాచు పట్టిన రాయి మీద ఎవరైనా జారతారు, నీటి అడుగున కనబడని బండలూ ఉన్నాయి కాబట్టి ఈతకు ఆ చోటు పనికిరాదు. చెప్పులు విప్పకుండా, ఆటు దిగుతున్నప్పుడే వెళ్లి, నీరు తిరగగానే ఒడ్డెక్కేయండి.